బ్లాకు వెనక 3970010 అని ఉంది. ఇది నా 69 కమారోతో పుట్టిన ఇంజనేనా?

సిన్సినాటి_శీను
పోయిన నెల 1969 షెవర్లే కమారో కూపే కొన్నాను. ప్రకటనలో "350 ఇంజను, నంబర్లన్నీ మ్యాచింగ్" అని ఉంది, అంటే ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజనే ఇంకా ఉందని, దాని నంబరు బండి నంబరుతో కలుస్తుందని. ఆ ఒక్క మాటకే మామూలు రేటు మీద బాగా ఎక్కువ పోశాను. నిన్న బానెట్ ఎత్తి, చిన్న అద్దం, టార్చిలైటు పట్టుకుని ఇంజను వెనక్కి తొంగిచూశా. డ్రైవరు వైపు, గేర్‌బాక్సు వచ్చి అతుక్కునే అంచు మీద మసి గీకితే 3970010 అని ఉబ్బెత్తు అంకెలు తేలాయి. నెట్లో వెతికితే ఒకడు 350 అంటాడు, ఇంకొకడు 302 అంటాడు, మూడోవాడు ట్రక్కు ఇంజనంటాడు. ఒక్క నంబరుకి ఇంతమంది తండ్రులేంటి? అసలు సంగతి తేల్చుకోవడం ఎలా?

నట్లు_బోల్టులు
పెళ్లయ్యాక జాతకాలు చూపించుకుంటున్నావన్నమాట.

ఆటోనగర్_మేస్త్రి
నేను అమెరికా బండి చెయ్యేసి చూసింది లేదు గానీ ఇనుము ఎక్కడైనా ఇనుమే. శీనూ, నువ్వు చూసింది పోత నంబరు. అచ్చులోనే ఉంటుంది, కరిగిన ఇనుము పోసినప్పుడు బ్లాకుతోపాటే పైకి ఉబ్బి వస్తుంది. అదే అచ్చులో పోసిన బ్లాకులన్నిటికీ అదే నంబరు. పంచింగ్ నంబరు వేరు. అది తయారైన ఇంజను మీద సుత్తితో కొట్టేది, లోపలికి దిగి ఉంటుంది. పోత నంబరు ఇంటిపేరు లాంటిది, పంచింగ్ నంబరు సొంత పేరు. ఇంటిపేరు చూసి మనిషిని పోల్చలేం కదా.

సిన్సినాటి_శీను
అంటే 3970010 ఉన్న బ్లాకులు వేలల్లో ఉంటాయా?

డెట్రాయిట్_బాబాయ్
వేలేంటయ్యా, లక్షల్లో. షెవర్లే స్మాల్ బ్లాకు, అంటే వాళ్ల చిన్న సైజు ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను, 1955లో 265 క్యూబిక్ ఇంచులతో మొదలైంది. ఆ తర్వాత 283, 327, 302, 350, 400, 305. బయటినుంచి చూస్తే అన్నీ కవల పిల్లలే. నీ 3970010 బ్లాకు 1969లో మొదలై ఇంచుమించు పదేళ్లు నడిచింది. కార్లకీ వాడారు, ట్రక్కులకీ వాడారు. 302 అన్నవాడూ అబద్ధం చెప్పలేదు, 350 అన్నవాడూ చెప్పలేదు. రెండిటికీ బోరు, అంటే సిలిండరు వెడల్పు, 4 ఇంచులే. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 302కి 3 ఇంచులు, 350కి 3.48. తేడా అంతా క్రాంకులో ఉంది, అది బయటికి కనపడదు. మెయిన్ బేరింగు క్యాపులకి రెండు బోల్టులా నాలుగు బోల్టులా అన్నదీ ఈ నంబరు చెప్పదు. అడుగున ఉన్న ఆయిల్ సంపు దించాల్సిందే.

నువ్వు చూడాల్సినవి ఇంకో మూడున్నాయి. ఒకటి, అదే అంచు మీద ప్యాసింజరు వైపు పోత తేదీ ఉంటుంది, ఒక అక్షరం, ఒకటో రెండో అంకెలు, చివర ఒక అంకె. రెండోది, ఇంజను ముందువైపు ప్యాసింజరు పక్క, హెడ్డు బ్లాకు మీద కూర్చునే చోట, ఆల్టర్నేటరు వెనక చదునుగా చిన్న పలక ఉంటుంది. మేస్త్రిగారు చెప్పిన పంచింగ్ అక్కడే. మూడోది, ఫైర్‌వాల్ దగ్గర బాడీ రేకు మీద తయారీ వారం. మూడూ పంపు, అప్పుడు మాట్లాడదాం.

కొత్తగా_చేరా
350 అంటే సీసీనా? మా బుల్లెట్టు కూడా 350యే కదా 😀

కడప_కార్బొరేటర్
క్యూబిక్ ఇంచులబ్బా. సీసీల్లో 5733. నీ బుల్లెట్లు పదహారు పడతాయి దాంట్లో.

వరంగల్_విల్లీస్
మేస్త్రి అన్న ఇంటిపేరు ముచ్చట నిజం. మా తాత మిలిటరీ వేలంల ఒక జీపు కొన్నడు. ఊరంత దాన్ని "విల్లీస్, విల్లీస్" అనేది, నేను గూడ గదే పేరు మీద ఈడ చేరిన. రెండేండ్ల కింద మొత్తం ఇప్పి చూస్తే సగం బోల్టుల తలల మీద ‘ఎఫ్’ అక్షరం. యుద్ధం టైంల విల్లీస్ డిజైనునే ఫోర్డు వాళ్లు గూడ చేసిన్రు గదా, వాళ్లు ప్రతి ముక్క మీద ‘ఎఫ్’ కొట్టేటోళ్లు. ఇంజను నంబరు ముందట జీపీడబ్ల్యూ. విల్లీస్ బాడీల ఫోర్డు గుండె. తాతకు చెప్తే "నడుస్తలేదా?" అన్నడు. నడుస్తది. గంతే.

నట్లు_బోల్టులు
పేరు మార్చుకో అన్నా, వరంగల్_ఫోర్డు అని.

వరంగల్_విల్లీస్
ఆధార్‌ల పేరు మార్చుడే సులువు, ఈడ మార్చుడు కష్టం.

సిన్సినాటి_శీను
బాబాయ్, పోత తేదీ దొరికింది: డీ 11 9. ఫైర్‌వాల్ రేకు మీద 04బీ. ముందు పలక మీద బ్రాకెట్టు అడ్డముంది, మసి. గీకితే 19ఎన్ వరకు కనపడింది, మిగతాది దాని కింద. డీ అంటే ఏప్రిల్, 11వ తేదీ, 9 అంటే 1969. 19ఎన్ అంటే షెవర్లే, 1969, నార్‌వుడ్ ఫ్యాక్టరీ. 04బీ అంటే బండి ఏప్రిల్ రెండో వారంలో తయారైంది. అన్నీ కుదిరినట్టే కదా! నార్‌వుడ్ మా ఇంటికి ఇరవై నిమిషాలు, ఫ్యాక్టరీ 1987లోనే మూసేశారనుకోండి. నా బండి మా ఊరి పిల్లే అన్నమాట.

కడప_కార్బొరేటర్
కంగ్రాట్స్ శీనూ! టైమింగు కవరు విప్పినప్పుడు లోపల 010, 020 అని రెండు అంకెలుంటే చూడు. ఉంటే ఆ ఇనుములో టిన్, నికెల్ ఎక్కువ కలిపినారని లెక్క. గట్టి బ్లాకు.

పెద్దాపురం_అంబాసిడర్
శుభం అండి. ఫొటో పెట్టండి, బండిది, ఇంజనుది కాదు. ఆ మసి చూడలేకపోతున్నాం.

డెట్రాయిట్_బాబాయ్
ఆగండి, ఆగండి. స్వీట్లు అప్పుడే పంచకండి.

ముందు కడప తమ్ముడికి. ఆ నికెల్ కథ నేను నలభై ఏళ్లుగా వింటున్నా. చెప్పినవాళ్లలో ఒక్కడు కూడా ఇనుప ముక్కని పరీక్షకి పంపగా చూళ్లేదు. నేను నమ్మను, నమ్మేవాళ్లతో గొడవా పడను.

ఇప్పుడు శీను. మీ అమ్మ ఇడ్లీ పెట్టేటప్పుడు చూసే ఉంటావు. పిండి రుబ్బిన రోజు ఒకటి, ఇడ్లీ దించిన రోజు ఒకటి, విస్తట్లో పడ్డ రోజు ఒకటి. పోత తేదీ అంటే పిండి రుబ్బిన రోజు, సాగినాలో ఇనుము పోసింది. ఆ బ్లాకు ఫ్లింటుకి పోయి, బోరింగు అయ్యి, పిస్టన్లు ఎక్కి, పలక మీద పంచింగ్ పడితే ఇడ్లీ దించినట్టు. తర్వాత రైలెక్కో ట్రక్కెక్కో నార్‌వుడ్ చేరి బండిలో కూర్చోవాలి. 1969 ఏప్రిల్ 11 శుక్రవారం. నీ బాడీ రేకేమో ఆ వారమే తయారీ అంటోంది. శుక్రవారం మిషిగన్‌లో పోసిన ఇనుము అదే వారం ఒహాయోలో బండెక్కిందంటావా? మామూలుగా మధ్యలో కొన్ని వారాల ఎడం ఉంటుంది.

ఇంకో మెలిక. ఆ చివరి 9 ఏ దశాబ్దంలో 9? 3970010 బ్లాకు 1979లో కూడా ఉంది.

సిన్సినాటి_శీను
19ఎన్ ఉంది కదా బాబాయ్?

డెట్రాయిట్_బాబాయ్
1979లో కూడా షెవర్లే కోడు 1. 1979 కోడు 9. నార్‌వుడ్ కోడు ఎన్. 1979లో కూడా కమారోలు నార్‌వుడ్‌లో తయారయ్యాయి. 19ఎన్ అని చదివి చాలామంది పొంగిపోయారు నాయనా, మొదటివాడివి నువ్వు కాదు. బ్రాకెట్టు విప్పి మొత్తం చదువు. పలక మీద ఇంజను కట్టిన తేదీ పక్కన అక్షరాలు రెండున్నాయా మూడున్నాయా చూడు. 1969 దాకా రెండు, 1970 మోడలు నుంచి మూడు.

నట్లు_బోల్టులు
చివర ఒక్క అంకె ఎక్కువ పోసుంటే ఎంత ఇనుము ఖర్చయ్యేదో.

ఆటోనగర్_మేస్త్రి
పలక చదివేటప్పుడు ఆకురాయి, వైరు బ్రష్షు దగ్గరికి రానివ్వొద్దు. గుడ్డ, కిరోసిన్, చేతి ఓపిక. పంచింగ్ లోతు ఎక్కువుండదు, గీకితే నంబరుతోపాటు బండి రేటూ పోతుంది. ఆరాక తెల్లకాగితం పెట్టి పెన్సిల్ రుద్దు. ఆర్టీఓ ఆఫీసు ముందు చాసిస్ ప్రింటు తీస్తారే, అలాగే. కంటికి కనపడని గీతలు కూడా కాగితం మీద పడతాయి.

పెద్దాపురం_అంబాసిడర్
పెన్సిల్ ప్రింటు అంటే గుర్తొచ్చిందండి. మా నాన్నగారి అంబాసిడరు పేరు మార్పిడికి వెళ్తే అక్కడే దొరికిపోయాం. ఆర్‌సీలో పెట్రోలు. బండిలో డీజిలు. రెండూ 1489 సీసీలే, రెండూ ఆ పాత బీఎంసీ బి సిరీస్ జాతివే, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఎప్పుడో ఎనభైల్లో మా పెదనాన్నగారు పెట్రోలు ఖర్చు భరించలేక మార్పించేశారట. కాగితం మార్పించడం మర్చిపోయారట. ఆయన లేరు, అడగడానికి. ఆ కాగితాల పని ఇప్పటికీ నడుస్తూనే ఉందండి.

కొత్తగా_చేరా
వింటేజ్ నంబరు ప్లేటు వస్తుంది కదా, అది తీసుకుంటే పోలా?

పెద్దాపురం_అంబాసిడర్
2021లో వచ్చిన వీఏ సిరీసు మాటా? యాభై ఏళ్లు దాటాలి, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ బండి అసలు రూపంలోనే ఉండాలంటారు. పెట్రోలు బండిలో డీజిలు పెట్టుకుని అసలు రూపం అని నేనే మొహం పెట్టుకుని అడగను చెప్పండి.

కడప_కార్బొరేటర్
శీనూ, బ్రాకెట్టు విప్పే లోపల స్ట్రోకు కొలువు. ప్లగ్గు తీసి కొబ్బరి ఈనె పెట్టు, క్రాంకు చేత్తో తిప్పు. ఈనె ఎంత లేస్తే అంత స్ట్రోకు. 88 మిల్లీమీటర్లు వస్తే 350, 76 వస్తే 302.

ఆటోనగర్_మేస్త్రి
ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటే కొలత తప్పొస్తది. ఈనె విరిగి లోపల పడితే హెడ్డు దించాల్సొస్తది. వద్దు.

కడప_కార్బొరేటర్
మా మామ యాభై బండ్లకి ఇట్లే కొలిచినాడు.

ఆటోనగర్_మేస్త్రి
ఎన్ని హెడ్లు దించాడో కూడా అడుగు.

సిన్సినాటి_శీను
ఈనె ఇక్కడ దొరకదు కాబట్టి ఆ గండం తప్పింది. మేస్త్రిగారి మాట మీద పెన్సిల్ ప్రింటు తీశా. పలక మీద మొదటి వరస వీ0427, దాని పక్కన అక్షరాలు... మూడు. రెండో వరస 19ఎన్, తర్వాత ఆరంకెలు. ఆ ఆరూ డాష్ మీద ఉన్న విన్, అంటే బండి గుర్తింపు నంబరు, చివరి ఆరంకెలతో కలవట్లేదు. మూడుసార్లు చూశా. నా భార్య ఒకసారి చూసింది. కలవట్లేదు.

నట్లు_బోల్టులు
🙏

డెట్రాయిట్_బాబాయ్
వీ అంటే ఫ్లింట్, 0427 అంటే ఏప్రిల్ 27న ఇంజను కట్టారు. ఏప్రిల్ రెండో వారం బండికి ఏప్రిల్ నాలుగో వారం ఇంజను ఎలా వస్తుంది? మూడు అక్షరాలతో ఆ కాస్త అనుమానమూ పోయింది. 1979 ఏప్రిల్ 11న పోసి, 27న కట్టి, ఏదో 79 కమారోలో పుట్టిన ఇంజను అది. ఆ బండి ఏ తుక్కులోకో పోయుంటుంది, గుండె నీ దాంట్లో కొట్టుకుంటోంది.

ఒక మంచి మాట కూడా చెప్తా. పలక మీద సన్నటి గీతలు ముందునుంచి వెనక్కి వరసగా ఉన్నాయా? ఫ్యాక్టరీలో బ్లాకు పైభాగం చెక్కినప్పుడు పడే గీతలవి. అవి ఉంటే ఆ పంచింగ్‌ని ఎవరూ అరగదీసి మళ్లీ కొట్టలేదని అర్థం. మోసం చేసేవాడు ముందు ఆ గీతలే చెరిపేస్తాడు.

సిన్సినాటి_శీను
ఉన్నాయి. ప్రింటులో స్పష్టంగా పడ్డాయి.

డెట్రాయిట్_బాబాయ్
అయితే నీకు అమ్మినవాడు దొంగ నంబరు కొట్టించలేదు. బహుశా వాడూ 19ఎన్ దాకా చదివి ఆగిపోయాడు.

వరంగల్_విల్లీస్
లేకపోతే గీ బ్రాకెట్టు కావాలనే అడ్డం పెట్టిండు.

ఆస్టిన్_అనిత
మూడు రోజులుగా చదువుతున్నా, ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నా. అందరూ ఇంజను చుట్టూ తిరుగుతున్నారు. శీను గారూ, విన్ చివరి ఆరంకెలు ఇక్కడ పెట్టకండి, మొదటివి మాత్రం చెప్పండి. డాష్ మీద అద్దంలోంచి కనపడేదే. 12437 అని ఉందా, 12337 అని ఉందా?

సిన్సినాటి_శీను
123379ఎన్. ఎందుకండీ?

ఆస్టిన్_అనిత
మూడో అంకె చూడండి. 1969 కమారో కూపేల్లో 12437 అంటే వీ8తో పుట్టింది. 12337 అంటే ఆరు సిలిండర్లతో పుట్టింది. మీ బండి ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు దాంట్లో 350 లేదు, 302 లేదు, అసలు వీ8 జాతే లేదు. 230 గానీ 250 గానీ, నిలువు వరస సిక్సు ఉండి ఉంటుంది. ఏ వీ8 తెచ్చిపెట్టినా "మ్యాచింగ్" అయ్యే ప్రసక్తే లేదు.

నట్లు_బోల్టులు
మూడు రోజులు, నలుగురు మేధావులు, ఒక అద్దం, ఒక పెన్సిలు. జవాబేమో బండి అద్దం మీద.

డెట్రాయిట్_బాబాయ్
అమ్మాయి నన్ను పడగొట్టింది. ముప్పై ఏళ్లుగా అందరికీ "ముందు విన్ చూడండి" అని చెప్పేవాణ్ణి నేనే. ఇడ్లీల్లో పడి మర్చిపోయా.

ఆస్టిన్_అనిత
నేనూ ఇలా దెబ్బ తిన్నదాన్నే బాబాయ్ గారూ, అందుకే గుర్తుంది. నాది 72 పికప్పు. పోత నంబరు, తేదీ, పంచింగ్ అన్నీ సరిపోయాయని మురిసిపోయాను. తర్వాత వాల్వ్ కవర్లు తీస్తే రెండు హెడ్ల మీద రెండు వేరు వేరు పోత నంబర్లు. ఎడమ వైపుది ఒక సంవత్సరం, కుడి వైపుది ఇంకో సంవత్సరం. శీను గారూ, మీవి కూడా చూడండి.

సిన్సినాటి_శీను
ఇక పోయేదేముంది అని ఈ రోజు అవీ తీశా. రెండు హెడ్లూ 333882. ముందు అంచు మీద మూపురాల గుర్తు లేదు.

డెట్రాయిట్_బాబాయ్
69లో 300 హార్స్‌పవర్ 350కి రెండు మూపురాల గుర్తున్న 186 హెడ్లు వచ్చేవి, పూర్తి నంబరు 3927186. నీ 882లు డెబ్భైల మధ్య నుంచి చివరి దాకా వచ్చినవి. బ్లాకుకి తోడుగా సరిపోయాయి. కనీసం ఆ 79 ఇంజను ముక్కలు ముక్కలుగా కాకుండా ఒక్కటిగా వచ్చినట్టుంది.

కొత్తగా_చేరా
ఇప్పుడు బండి పనికిరాదా?

వరంగల్_విల్లీస్
ఎందుకు పనికిరాదు? నడుస్తలేదా?

ఆటోనగర్_మేస్త్రి
నడిచే బండిని పనికిరాదనేవాడు మా దగ్గర రెండు రోజులు కూర్చోవాలి. ఇంజను మంచిదే. పోయింది "మ్యాచింగ్" అన్న మాటకి పెట్టిన డబ్బు. ఆ డబ్బు గురించి అమ్మినాయన్ని అడగాలి. ప్రకటన కాగితం దాచావా?

సిన్సినాటి_శీను
దాచాను. ఫోన్ చేశా కూడా. "నా ముందువాడు చెప్పిందే నేను రాశాను" అన్నాడు. ముందువాడి నంబరడిగితే లేదన్నాడు. పెన్సిల్ ప్రింటు, విన్ ఫోటో రెండూ పంపించా. కొంత వెనక్కి ఇస్తానని ఇప్పుడే మెసేజ్ పెట్టాడు, ఎంతో చెప్పలేదు.

కడప_కార్బొరేటర్
ఇచ్చేదాకా ఆ పెన్సిల్ ప్రింటు భద్రంగా పెట్టుకో శీనూ.

పెద్దాపురం_అంబాసిడర్
మా పెదనాన్నగారికి ఈ చర్చ చూపించే వీలుంటే బావుండేదండి.

సిన్సినాటి_శీను
ఇంకో ప్రశ్న, ఎవరూ నవ్వకండి. ఇక్కడికి దగ్గర్లో ఒకాయన పాకలో 250 సిక్సు ఒకటి పడి ఉందట. ఊరికే చూడ్డానికి వెళ్తున్నా. దాని మీద పంచింగ్ ఎక్కడుంటుంది?

డెట్రాయిట్_బాబాయ్
కుడి పక్క, డిస్ట్రిబ్యూటరు వెనక. గుడ్డ, కిరోసిన్ తీసుకెళ్లు. ఆరంకెలూ చదవకుండా నాకు ఫోన్ చెయ్యకు.

నట్లు_బోల్టులు
"ఊరికే చూడ్డానికి" అట. కమారోని కూడా ఊరికే చూడ్డానికే వెళ్లుంటాడు.